గాలికి ఊగు మేడలు

గత వేసవి సెలవులకు ముందు, మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి చదువుచున్న యొక బాలుని తల్లి రుసుము చెల్లించుటకై వచ్చెను. పని ముగిసినను ఆమె వెళ్లక గుమ్మముకడ నిలిచియుండెను. ఏమి కావలెనని మేము అడుగగా, కొంతసేపు సంకోచించి యిట్లు చెప్పెను: “అయ్యగారూ, మా పెద్దవాడు దుబాయిలో నలభయ్యో అంతస్తులో ఉంటున్నాడండి. మొన్న పెద్దగాలి వీచిన రాత్రి వేలాడే దీపం ఊగిందట, గ్లాసులో నీళ్లు అటూ యిటూ కదిలినాయట. ఊగే యిల్లు నిలుస్తుందాండి?”

భయపడవలదనియు, అట్టి మేడలు కొంత ఊగునట్లుగనే కట్టబడుననియు, ఊగినంత మాత్రమున పడిపోవనియు మేము చెప్పితిమి. ఆమె తల యూచి, “పడదంటే సంతోషమేనండి. మరి వాడికి తల తిరిగి, కడుపులో తిప్పి, రాత్రల్లా నిద్ర లేదంటున్నాడే. ఎవరితో చెప్పినా నవ్వుతారని ఊరుకున్నాడట. దానికేమిటండి?” అని యడిగెను. ఆ రెండవ ప్రశ్నకు మా యొద్ద తగిన యుత్తరము లేకపోయెను. తెలిసికొని చెప్పెదమని ఆమెను పంపివేసితిమి.

తరువాత ఈ విషయమును గూర్చి చదువగా, ఆమె యడిగిన రెండు ప్రశ్నలును మేడలు కట్టు ఇంజనీర్లు సైతము అడిగికొనినవే యని తెలిసినది. మొదటిది మేడ బలమును గూర్చినది. రెండవది అందు నివసించువారి నెమ్మదిని గూర్చినది. ఈ రెండును ఒకటే యని చాలకాలము తలంపబడెను. కాని అవి వేఱు వేఱు. మేడ నిలుచునో లేదో ఉక్కును, కాంక్రీటును కొలిచి చెప్పవచ్చును. మేడలోని మనుష్యుడు నెమ్మదిగా నుండునో లేదో తెలియవలెనన్నచో మనుష్యునే అడిగి తెలిసికొనవలెను. ఈ భేదమును మా విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తేటపఱచుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

ఎత్తయిన వస్తువు గాలికి ఏల ఊగునో మొదట చూతము. తాటిచెట్టు గాలికి వంగి మరల నిలువునకు వచ్చుట మనమందఱము చూచినదే. వంగుట దానికి బలహీనత కాదు. వంగుటచేతనే అది విఱుగక నిలుచుచున్నది. ఉక్కుతోను, కాంక్రీటుతోను కట్టిన మేడయు ఇట్టిదే. దాని మొదలు భూమిలో పాతుకొని కదలకుండును. కొన స్వేచ్ఛగా నుండును. గాలి నెట్టినపుడు కొన కొంచెము ప్రక్కకు పోవును; నెట్టుట తగ్గగానే వెనుకకు వచ్చును. వెనుకకు వచ్చునపుడు తన వేగముచేత మధ్యస్థానమును దాటి రెండవ ప్రక్కకు పోవును. ఇట్లు ఊపు పుట్టును. ఎంతమాత్రము కదలని మేడను కట్టవలెనన్నచో గోడలతోను స్తంభములతోను అది నిండిపోయి, మనుష్యులకు చోటు మిగులదు. కావున ఇంజనీర్లు మేడ యెత్తులో దాదాపు అయిదువందలవ వంతుకు మించకుండ కొన కదలునట్లు చూతురు. 300 మీటర్ల మేడకు ఇది 60 సెంటీమీటర్లగును. వినుటకు ఇది హెచ్చుగా తోచును గాని, ఉక్కు దీనిని సులభముగా నోర్చుకొనును.

గాలి మేడను ఒక్క విధముగా కాక రెండు విధములుగా కదలించును. మొదటిది అందఱకును తెలిసినది: గాలి ఎదుటి గోడపై నొత్తి, తాను పోవు దిక్కునకే మేడను నెట్టును. రెండవది కొంత వింతయైనది. పారుచున్న కాలువలో ఒక కఱ్ఱను నిలువుగా పట్టి చూడుడు. కఱ్ఱకు వెనుకవైపున నీటిలో చిన్న చిన్న సుడులు పుట్టి కొట్టుకొనిపోవుచుండును. జాగ్రత్తగా గమనించినచో ఆ సుడులు ఒకటి కుడివైపునను, ఒకటి యెడమవైపునను, వంతులు వేసికొనినట్లు పుట్టుచుండును. కుడివైపున సుడి పుట్టినపుడు కఱ్ఱ ఒక ప్రక్కకును, ఎడమవైపున పుట్టినపుడు వేఱొక ప్రక్కకును లాగబడును. మన వ్రేళ్లకు ఆ వణకు తెలియును. గాలిలో నిలిచిన మేడ వెనుకను సరిగా ఇట్లే జరుగును. అందుచేత గాలి తూర్పునుండి వీచుచుండగా మేడ ఉత్తర దక్షిణములుగా ఊగుటయు కలదు. చాల యెత్తయిన మేడలలో ఈ ప్రక్క ఊపే తఱచుగా ఎక్కువ బాధకరము.

గాలి వీచునపుడు బిగించిన తీగెలు ఈలవేసినట్లు మ్రోగుట మనము విన్నదే. ఆ మ్రోతకును ఈ సుడులే కారణము. స్ట్రౌహల్ అను శాస్త్రజ్ఞుడు 1878లో ఈ తీగెల మ్రోతను పరిశోధించి యొక సులభమైన నియమమును కనుగొనెను. గాలి వేగము హెచ్చినకొలది సుడులు త్వరత్వరగా పుట్టును. వస్తువు వెడల్పు హెచ్చినకొలది మెల్లమెల్లగా పుట్టును. గుండ్రని వస్తువునకు లెక్క యిట్లుండును: గాలి వేగమును వస్తువు వెడల్పుచే భాగించి, వచ్చిన దానిని మరల అయిదుచే భాగింపవలెను. 50 మీటర్ల వెడల్పు గల గుండ్రని మేడపై సెకండుకు 40 మీటర్ల వేగముతో గాలి వీచినదనుకొందము. 40ని 50చే భాగించి మరల 5చే భాగింపగా 0.16 వచ్చును. అనగా కుడియెడమ సుడుల జత యొకటి సుమారు 6 సెకండ్లకు ఒకమారు పుట్టునన్నమాట.

ఈ 6 సెకండ్ల సంఖ్యను మఱువవలదు. ఏలయనగా, ప్రతి మేడకును తన స్వంతమైన యొక ఊపుకాలము కలదు. ఒకమారు కదలించి విడిచినచో అది ఆ కాలమునకే ఒక ఊపు పూర్తిచేయును. సుమారు 300 మీటర్ల మేడకు ఆ కాలము ఆఱేడు సెకండ్లుండును. ఇపుడు ఉయ్యాలను తలచుకొనుడు. ఉయ్యాల వెనుకకు వచ్చిన ప్రతిమారును సరిగా ఆ క్షణముననే చిన్న త్రోపు ఇచ్చినచో, పసిబిడ్డ చేతితోనైనను ఆ ఉయ్యాలను పెద్దగా ఊపవచ్చును. వేళ తప్పి త్రోసినచో ఎంత బలవంతుడైనను ఊపలేడు. సుడులు పుట్టు కాలమును, మేడ ఊగు కాలమును ఒకటైనపుడు గాలి ఆ పసిబిడ్డవలె మేడను ఉయ్యాల ఊపును. దీనినే భౌతికశాస్త్రములో అనునాదము అందురు. మన విద్యార్థులు శబ్దశాస్త్ర పాఠములో గాజు గొట్టమును, శ్రుతిదండమును పెట్టుకొని నేర్చుకొనినది ఇదియే.

ఇంతవఱకు మేడను గూర్చి చెప్పితిమి. ఇక మనుష్యుని గూర్చి చెప్పవలెను. మేడ ఎంత దూరము కదలినదో దానినిబట్టి మనకు బాధ కలుగునని తలంతుము. అది సరికాదు. రైలుబండి సమమైన వేగముతో పోవుచుండగా కన్నులు మూసికొని కూర్చుండినచో, గంటకు ఎన్ని మైళ్లు పోవుచున్నామో మన శరీరమునకు తెలియదు. బండి బయలుదేరునపుడును, ఆగునపుడును, మలుపు తిరుగునపుడును మాత్రమే తెలియును. అనగా మన శరీరము దూరమును గుర్తింపదు, వేగమును గుర్తింపదు. వేగములోని మార్పును గుర్తించును. ఈ మార్పునకే త్వరణమని పేరు. దానిని గుర్తించు యంత్రము మన లోచెవిలో నున్నది. అచ్చట సన్నని వెండ్రుకలవంటి జ్ఞానతంతువులపై మెత్తని పొర యొకటి పఱచియుండును; ఆ పొరపై అతి సూక్ష్మమైన సున్నపు రేణువులుండును. తల ప్రక్కకు కదలగానే బరువైన ఆ రేణువులు వెనుకబడి, క్రింది తంతువులను వంచును. ఆ వార్త మెదడునకు చేరును. అదే సమయమున కన్నులు గోడలను చూచి ‘ఏమియు కదలుట లేదు’ అని చెప్పును. ఏలయనగా గోడలును మనతోపాటే కదలుచున్నవి. చెవి యొక మాటయు, కన్ను వేఱొక మాటయు చెప్పగా మెదడు తికమకపడును. పడవ ప్రయాణములో తల తిరుగుటకును, కడుపులో తిప్పుటకును ఇదియే ముఖ్యకారణమని పండితులు చెప్పుదురు. కాబట్టి దుబాయిలోని ఆ యువకునికి కలిగినది పిఱికితనము కాదు, ఊహయు కాదు. అతని చెవి సత్యమునే పలికినది.

దూరమునకును త్వరణమునకును గల భేదమును ఒక లెక్కచే చూపెదము. ఒక మేడ కొన మధ్యస్థానమునుండి ఇటు 9 సెంటీమీటర్లు, అటు 9 సెంటీమీటర్లు ఊగుచున్నదనుకొందము. ఒక పూర్తి ఊపునకు 6 సెకండ్లు పట్టినచో, దాని మిక్కిలి హెచ్చు త్వరణము భూమ్యాకర్షణలో ఇంచుమించు నూఱవ వంతగును. అనగా వేయింట 10 వంతులు. ఇంజనీర్లు దీనిని 10 మిల్లీ-జీ యందురు. అదే 9 సెంటీమీటర్ల ఊపు 3 సెకండ్లలో పూర్తియైనచో, కాలము సగమైనందుకు త్వరణము నాలుగింతలై 40 మిల్లీ-జీ యగును. మొదటి మేడలో కొందఱు ‘ఏదో కదలినట్లున్నదే’ యని తలయెత్తి చూతురు. రెండవ మేడలో తిన్నగా నడచుటయే కష్టమగును. కదలిన దూరము మాత్రము రెంటను ఒకటే.

సుమారు 5 మిల్లీ-జీ కడ కొందఱు మనుష్యులు కదలికను పసిగట్టుదురు. పదేండ్లకొకమారు వచ్చునంతటి పెద్దగాలిలో నివాసగృహములందు 10 మొదలు 15 వఱకును, కార్యాలయములందు 20 మొదలు 25 వఱకును మిల్లీ-జీ మించకుండవలెనని అమెరికా ఇంజనీర్లు సాధారణముగా పాటింతురు. కార్యాలయమునకు హెచ్చు, ఇంటికి తక్కువ యేల యని అడుగవచ్చును. కార్యాలయమున రాత్రి నిద్రించువారుండరు. తుపాను వచ్చుచున్నదని తెలిసినచో ముందుగనే ఇంటికి పోవచ్చును. ఇల్లు విడిచి ఎక్కడికి పోవుదుము? పడుకొన్నవానికి చిన్న కదలికయు పెద్దగా తోచును.

ఈ కొలతలు ఉక్కును పరీక్షించి తెచ్చినవి కావు; మనుష్యులను పరీక్షించి తెచ్చినవి. ఆ చరిత్రలో ఒక ముఖ్యఘట్టము 1965లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రమున యూజీన్ పట్టణములో జరిగినది. న్యూయార్కు నగరములో 110 అంతస్తుల జంటమేడలు కట్టుటకు అప్పుడు ఏర్పాట్లు జరుగుచుండెను. గాలికి ఆ మేడలు ఊగినచో లోపలివారికి ఎట్లుండునని వాని ఇంజనీరైన లెస్లీ రాబర్ట్‌సన్ తెలిసికొనగోరెను. పాల్ హాఫ్మన్ అను మనశ్శాస్త్రజ్ఞుడు ఒక గదిని కట్టించి, దాని క్రింద యంత్రములను అమర్చి, మెల్లగా అటు నిటు ఊగునట్లు చేసెను. కన్నులను ఉచితముగా పరీక్షింతుమని ప్రకటించి ప్రజలను పిలిపించెను. వచ్చినవారికి గది కదలునని చెప్పలేదు. పరీక్ష జరుగుచుండగా గది ఊగసాగెను. కొందఱు తమకు తల తిరుగుచున్నదనిరి. కొందఱు ఒడలు బాగుగా లేదనిరి. ఇంజనీర్లు ఊహించినదానికంటె మిక్కిలి చిన్న కదలికనే మనుష్యులు గుర్తింపగలరని దీనిచే తేలినది.

ఆ ఫలితమును త్రోసివేయక ఇంజనీర్లు తమ పథకమును మార్చుకొనిరి. రెండు ఉక్కు రేకుల నడుమ బంకవంటి పదార్థమును చేర్చి చిన్న చిన్న ఊపునిరోధకములను చేయించి, ఒక్కొక్క మేడలో సుమారు 10,000 చొప్పున అమర్చిరి. మేడ ఊగినపుడెల్ల ఆ బంక సాగి, ఊపులోని శక్తిని వేడిమిగా మార్చి హరించును. 1973లో ప్రారంభోత్సవము జరుపుకొన్న ఆ జంటమేడలు 2001 సెప్టెంబరులో విమానములచే కూల్చబడిన సంగతి లోకవిదితము. కాని మేడను కట్టుటకు ముందు అందు నివసింపబోవు మనుష్యుని కొలుచుట యను పద్ధతికి వానివలన గొప్ప ప్రోత్సాహము కలిగినది. ఒక్క మాట చెప్పక తప్పదు. ప్రజలకు చెప్పక వారిని పరీక్షించుట మంచి పద్ధతి కాదు. పరిశోధనకు వచ్చువారికి విషయము తెలిపి వారి సమ్మతి పొందవలెననుట నేడు సాధారణ నియమము.

మనుష్యుని కొలత తెలిసిన పిమ్మట, ఊపును ఆ కొలతలో నుంచు ఉపాయములు వెదకబడెను. వానిలో మొదటిది మేడ ఆకారమును మార్చుట. కెనడాలో ఆలన్ డావెన్‌పోర్టు మొదలగువారు పెద్ద గాలిసొరంగములను నిర్మించి, మేడను చిన్న బొమ్మగా చేసి, చుట్టునున్న కట్టడముల బొమ్మలను కూడ నిలిపి, గాలి నూది పరీక్షించు పద్ధతిని వృద్ధిచేసిరి. నేడు ఈ పరీక్ష లేక చాల యెత్తయిన మేడ ఏదియు కట్టబడదనవచ్చును. దుబాయిలో 2010లో తెఱువబడిన బుర్జ్ ఖలీఫా యెత్తు 828 మీటర్లు. బిల్ బేకర్ అను ఇంజనీరు దానిని పైకి పోవుకొలది మెట్టుమెట్టుగా సన్నగిల్లునట్లు రూపొందించెను. వెడల్పు మాఱినచో సుడుల కాలము మాఱునని పైన చెప్పితిమి గదా. ఒక్కొక్క యెత్తున ఒక్కొక్క వెడల్పు ఉండుటచే, సుడులన్నియు ఒకే తాళమున పుట్టజాలవు. ఉయ్యాలను పదిమంది పది వేళలందు త్రోసినట్లగును. అందుచేత లోకములో మిక్కిలి యెత్తయిన ఆ మేడకు ఊపు నణచు పెద్ద బరువు అక్కఱలేకపోయెను.

రెండవ ఉపాయము మేడ కొనయందు గొప్ప బరువును వ్రేలాడదీయుట. దీనిని తైవాను ద్వీపములోని తైపే 101 అను మేడలో చూడవచ్చును. 2004లో పూర్తియైన ఈ మేడ యెత్తు 508 మీటర్లు. ఆ ద్వీపమునకు తుపానులు తఱచు. 92వ అంతస్తునుండి 87వ అంతస్తువఱకు ఉక్కు త్రాళ్లతో ఒక గొప్ప గోళము వ్రేలాడగట్టబడినది. ఒక్కొక్కటి 12.5 సెంటీమీటర్ల మందము గల 41 ఉక్కు పలకలను పేర్చి అతికి దానిని చేసిరి. దాని అడ్డుకొలత 5.5 మీటర్లు, బరువు 660 టన్నులు. మేడ ఇటు పోవునపుడు గోళము వెనుకబడి అటు లాగును. మేడ అటు పోవునపుడు ఇటు లాగును. గోళమునకును మేడకును నడుమ నూనెతో నిండిన గొట్టములు కలవు. అవి ఊపులోని శక్తిని వేడిమిగా మార్చివేయును.

గోళము సరియైన వేళకు లాగవలెనన్నచో, దాని ఊపుకాలమును మేడ ఊపుకాలమును సరిపోవలెను. తైపే మేడ ఊపుకాలము ఏడు సెకండ్లకు సమీపముగా నున్నది. ఏడు సెకండ్లకు ఊగు లోలకము ఎంత పొడవుండవలెను? మన ప్రయోగశాలలో ఒక మీటరు పొడవు గల లోలకము రెండు సెకండ్లలో ఒక పూర్తి ఊపు ఊగునని మీరు చూచితిరి. కాలము మూడున్నర యింతలు కావలెనన్నచో పొడవు మూడున్నర మూడున్నరల, అనగా పండ్రెండు పైచిలుకు ఇంతలు కావలెను. కాబట్టి దాదాపు 12 మీటర్ల లోలకము కావలెను. దారమును, రాతిని కట్టి మనము చేయు ప్రయోగమే అచ్చట తుపానుల నెదిరించుచున్నది. 2015 ఆగస్టులో సౌడెలోర్ అను తుపాను వచ్చినపుడు ఈ గోళము ఇంచుమించు ఒక మీటరు దూరము ఊగినది. దర్శకులు దానిని చూచుటకు వీలుగా గది తెఱచి యుంచబడినది. నివాసులకు ఊపును దాచిపెట్టక దానిని అణచు సాధనమును కన్నుల యెదుట చూపుట మాకు మిగుల నచ్చినది.

నెమ్మది కొఱకు పెట్టిన సాధనము ఒకప్పుడు ప్రాణములకే కాపుగా నిలిచిన కథ యొకటి చెప్పవలసియున్నది. న్యూయార్కులో 1977లో సిటీకార్ప్ సెంటరు అను 59 అంతస్తుల మేడ కట్టబడెను. ఆ స్థలములో ఒక మూలను లూథరను దేవాలయ మొకటి యుండుటచే, మేడ స్తంభములను మూలలందు కాక ఒక్కొక్క ప్రక్క నడుమ నిలిపిరి. నివాసుల నెమ్మది కొఱకు దాని కొనయందు సుమారు 400 టన్నుల కాంక్రీటు దిమ్మను నూనె పొరపై జరుగునట్లు అమర్చిరి. దాని ఇంజనీరు విలియం లెమెస్యూరియర్. మఱుసటి సంవత్సరము ఒక విద్యార్థి యడిగిన ప్రశ్నవలన తాను మరల లెక్కలు చూచుకొంటినని ఆయన చెప్పెను. మూలలకు ఎదురుగా వీచు గాలికి కొన్ని యతుకులు చాలవనియు, కాచి అతుకవలసిన ఆ యతుకులను మరలతో బిగించిరనియు ఆయనకు తోచెను. పెద్ద తుపాను వచ్చి, విద్యుచ్ఛక్తి నిలిచి, ఆ దిమ్మ పనిచేయక పోయినచో మేడకే ముప్పని ఆయన లెక్క. ఏలయనగా నూనె నెత్తు యంత్రములకు విద్యుత్తు కావలెను.

తన పేరుపోవునని వెఱవక ఆయన యజమానుల యొద్దకు పోయి తన తప్పును చెప్పెను. రాత్రులయందు పనివారు అతుకులపై దళమైన ఉక్కు పలకలను కాచి అతికిరి. దిమ్మ నిలిచిపోకుండుటకు వేఱుగా విద్యుదుత్పాదక యంత్రములు తెప్పింపబడెను. 1978 సెప్టెంబరులో ఎల్లా అను తుపాను సమీపించి సముద్రమువైపు మరలిపోయెను. మేడ నిలిచినది. కాని ఈ సంగతి 1995 వఱకు ప్రజలకు తెలుపబడలేదు. ఇంజనీరు తప్పు నొప్పుకొనుట మెచ్చుకొనదగినది. ఆ మేడలోను, చుట్టుప్రక్కలను ఉన్నవారికి చెప్పకుండుట మెచ్చుకొనదగినది కాదు. విద్యార్థులారా, ఒక ప్రశ్న ఎంత పని చేయగలదో దీనివలన మీరును గ్రహింపుడు.

ఇక ఆ తల్లి యడిగినదానికి వత్తము. న్యూజీలాండు దేశములో వెల్లింగ్‌టను మిక్కిలి గాలి గల నగరము. ఇటీవలి సంవత్సరములలో అచ్చటి ఎత్తయిన కార్యాలయములలో పనిచేయువారిని గాలి దినములందు పరిశోధకులు ప్రశ్నించి చూచిరి. వాంతులు కలుగుట అరుదు. నిద్రమత్తు, తలనొప్పి, పనిమీద మనసు నిలువకుండుట హెచ్చు. ఊపుచేతనే తమకిట్లున్నదని గ్రహింపనివారును కలరు. గ్రహించినవారిలో సైతము పైవారికి ఫిర్యాదు చేసినవారు చాల కొద్దిమంది. ఫిర్యాదులు లేవు గనుక బాధ లేదని తలంచుట పొరపాటని ఆ పరిశోధనచే తెలియుచున్నది. పైని చెప్పిన కొలతలు సగటు మనుష్యునికి తగినవి. కాని ఒకరి చెవివలె మఱియొకరి చెవి యుండదు. ఒకే గదిలో ఒకడు హాయిగా నిద్రింపగా వేఱొకడు తెల్లవార్లు మేలుకొనవచ్చును.

బాధపడువాడు స్వయముగా చేయదగినవి కొన్ని కలవు. ఊపు మేడ కొనయందు హెచ్చు, క్రిందికి దిగుకొలది తక్కువ. కావున గాలి తగ్గువఱకు క్రింది అంతస్తులకు పోవుట అన్నిటికంటె మేలు. మేడ మెలికపడినట్లు తిరుగునపుడు మూలగదులలో కదలిక హెచ్చు. నడిమి గదులలో తక్కువ. ఊగు దీపమును, కదలు నీటిని చూచుచు కూర్చుండరాదు. పుస్తకముపై దృష్టి నిలుపరాదు. మఱియు వీనన్నిటికంటె ముఖ్యమైనది, ఏ దినమున, ఏ వేళ, ఎట్లు కదలినదో వ్రాసి మేడను చూచువారికి తెలుపుట. మేడలలో అమర్చిన సాధనములు సరిగా పనిచేయుచున్నవో లేవో అందు నివసించువారి మాటవలన కూడ తెలియును.

పాఠశాల తెఱచిన పిమ్మట ఆ తల్లి మరల వచ్చినపుడు ఇదంతయు ఆమెకు మెల్లగా చెప్పితిమి. దారమునకు రాయి కట్టి, లోలకమును కూడ ఊపి చూపితిమి. ఆమె చాలసేపు దానివైపు చూచి, “అయితే అయ్యగారూ, మావాడిది పిరికితనం కాదంటారు” అనెను. కాదంటిమి. “అయితే వాడు చెప్పవచ్చునన్నమాటే?” అనెను.

“చెప్పవచ్చుననుట కాదమ్మా, చెప్పవలెను. నవ్వువారు నవ్వుదురు గాక. ఆ మేడను కట్టినవారు మాత్రము నవ్వరు. వారు నేర్చుకొనినదంతయు ఇట్లు చెప్పినవారివలననే” అంటిమి. ఆమె కొంగున ముడివేసికొనిన కాగితమును విప్పి, దానిపై కుమారుని చిరునామా చూపి, ఈ మాటలనే తనకు ఉత్తరముగా వ్రాసిపెట్టుమని కోరెను. ఆమె కోరినట్లు వ్రాసి యిచ్చితిమి.